వృద్ధులకు చైనీస్ ఔషధాహారం: ఏ సూపు పెట్టవచ్చు, ఏది వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సింగపూర్‌లో మీ దగ్గరుంటున్న నాన్నగారికి 74 ఏళ్ళు, గుండె లయ సరిగా లేక, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మాత్ర వాడుతున్నారు. అమ్మగారికి 69 ఏళ్ళు, షుగర్, బీపీ ఉన్నాయి, మాంసం ముట్టరు. పక్కింటి చైనీస్ ఆంటీ ప్రేమతో వారానికి రెండు మూడుసార్లు మూలికలు వేసి కాచిన సూపు పంపిస్తున్నారు. తాగాక ఒంట్లో బాగుంటోందని నాన్నగారు అంటున్నారు. ఇవి రోజూ ఇవ్వవచ్చా, ఇంట్లో మనమే చేసుకోవచ్చా, ప్రమాదం ఏమైనా ఉందా అన్నది మీ ప్రశ్న. చైనీస్ పెద్దలు ఎక్కువగా ఉండే వృద్ధాశ్రమాల్లో డైటీషియన్‌గా చాలాకాలం పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తాను.

అన్నిటికంటే ముందు నాన్నగారి సంగతి. సూపులో ఏమేం వేస్తున్నారో ఆంటీని ఈరోజే అడగండి. డాంగ్ గ్వై అనే వేరు ఉంటే నాన్నగారికి ఆ సూపు ఆపేయండి. లేత గోధుమరంగులో పలచని బిళ్ళలుగా కోసి ఉంటుంది, సెలరీ లాంటి ఘాటు వాసన వస్తుంది, గిన్నె మూత తీయగానే తెలిసిపోతుంది. అది వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి, రక్తం గడ్డకట్టే సమయాన్ని చూపే ఐఎన్‌ఆర్‌ను పైకి తీసుకెళ్తుంది. అందరూ హానిలేనివని అనుకునే ఎర్రటి గోజీ పళ్ళ వల్ల కూడా వార్ఫరిన్ వాడేవాళ్ళలో ఐఎన్‌ఆర్ పెరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. జిన్‌సెంగ్ అనే వేరు సంగతి దీనికి తలకిందులు. అమెరికన్ జిన్‌సెంగ్ వార్ఫరిన్ పనిని తగ్గిస్తుందని 2004లో ఆరోగ్యవంతులపై చేసిన ట్రయల్‌లో తేలింది. అంటే ఒక సూపు వల్ల రక్తస్రావం భయం, ఇంకో సూపు వల్ల గడ్డలు కట్టే భయం. ఇప్పటికే కొన్ని వారాలుగా తాగుతున్నారు కాబట్టి, ఆపిన విషయం కూడా క్లినిక్‌కి చెప్పి ఐఎన్‌ఆర్ పరీక్ష ముందుకు జరిపించండి. ఆపినప్పుడు కూడా ఆ అంకె మారుతుంది. చిగుళ్ళ నుంచి రక్తం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంత టెన్షన్ పెట్టాక ఈ పద్ధతి మొత్తం ప్రమాదమేనని మీరు అనుకోకూడదు. వృద్ధులకు ఎలా వండి పెట్టాలో ఇంత శ్రద్ధగా ఆలోచించిన సంప్రదాయాలు తక్కువ. చైనాలో దీన్ని యావ్ షాన్ అంటారు. తిండిలోనే మందు గుణమున్న పదార్థాలు కలిపి వండడం. ప్రాచీన జౌ రాజుల ఆస్థాన వైద్యుల్లో ఆహారం చూసుకోవడానికే ఒక తరగతి వైద్యులు ఉండేవారని పాత గ్రంథాల్లో ఉంది. ముందు ఆహారంతో చూడు, దానితో తగ్గకపోతేనే మందు ఇవ్వు అని 7వ శతాబ్దంలో సున్ సిమియావ్ అనే వైద్యుడు రాశాడు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది 11వ శతాబ్దపు సోంగ్ రాజుల కాలంలో చెన్ జీ రాసిన పుస్తకం. ఆయన షింగ్‌హ్వా అనే కౌంటీకి అధికారిగా పనిచేశాడు. ముసలి తల్లిదండ్రులను చూసుకోవడం ఎలాగన్నదే ఆ పుస్తకమంతా. పెద్దవాళ్ళ తిండి వెచ్చగా, బాగా ఉడికి, మెత్తగా ఉండాలి, జిగురుగా, గట్టిగా, పచ్చిగా, చల్లగా ఉండేవి వద్దు అంటాడు. ఒకేసారి కడుపునిండా పెట్టవద్దు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి అంటాడు. వెయ్యేళ్ళ కిందటి మాటలివి. అరుగుదల తగ్గి, పళ్ళు ఊడి, ఆకలి మందగించిన మనిషికి ఈరోజు నేను రాసే డైట్ చార్టులో కూడా మొదటి నాలుగు లైన్లు ఇవే. జిగురు వస్తువులు వద్దన్నది ఊరికే కాదు. చైనీస్ నూతన సంవత్సరానికి చేసే జిగురుబియ్యం ఉండలు, అరిసెల్లా సాగే న్యెన్ గావ్ ముక్కలు గొంతులో అడ్డుపడడం వృద్ధుల్లో నిజంగా ఉన్న ప్రమాదం. పండగరోజు ఆంటీ అవి పంపితే చిన్న చిన్న ముక్కలు చేసి, పక్కనే కూర్చుని తినిపించండి.

నా ఉద్దేశంలో యావ్ షాన్ వల్ల పెద్దవాళ్ళకు జరిగే మేలులో ఎక్కువ భాగం ఈ వండే తీరులో, పెట్టే తీరులో ఉంది. మూలికల వాటా మనం అనుకునేదానికంటే తక్కువ. మీ నాన్నగారికి బాగుంటోందంటే, సాయంత్రం నాలుగింటికి వేడిగా, మెత్తగా, ఉప్పు తక్కువగా ఒక గిన్నెడు ఏదో కడుపులో పడుతోంది, ఎవరో శ్రద్ధగా తెచ్చి ఇస్తున్నారు. డాంగ్ గ్వై తీసేసినా ఆ మేలు అలాగే ఉంటుంది. మూలికల మీద పరిశోధనలు చాలా ఉన్నా, ఎక్కువవి చిన్నవి, నాణ్యత అంతంతమాత్రం. ఫలానా సూపు ఫలానా జబ్బు తగ్గిస్తుందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి.

తిండికీ మందుకీ గీత ఎక్కడ గీయాలన్నది చైనా ప్రభుత్వానికి కూడా వచ్చిన సమస్యే. 2002లో అక్కడి ఆరోగ్య శాఖ ఆహారంగానూ మందుగానూ వాడదగ్గ 87 పదార్థాల జాబితా ఇచ్చింది. దశలవారీగా చేరుస్తూ 2024 నాటికి అవి 106 అయ్యాయి. తామర గింజలు, షాన్ యావ్ దుంప, ఎర్ర ఖర్జూరంలా కనిపించే రెడ్ డేట్స్, గోజీ, ఫూ లింగ్ అనే తెల్లటి భూగర్భ శిలీంధ్రం, అల్లం, నల్ల నువ్వులు అన్నీ మొదటి జాబితాలోవే. డాంగ్ గ్వై 2019లో చేరింది, అదీ మసాలా దినుసుగా మాత్రమే. మన పసుపు, పిప్పళ్ళు కూడా అదే విడతలో, అదే షరతుతో చేరాయి. హ్వాంగ్ ఛీ, దాంగ్ షెన్ వేర్లు 2023లో వచ్చాయి. జాబితాలో ఉన్నంత మాత్రాన మీ నాన్నగారి మాత్రలతో పడుతుందని కాదు. జాబితాలో లేని మూలికను మాత్రం ఇంట్లో సొంతంగా వండకండి. ఈ ఒక్క నియమం చాలా ప్రమాదాలు తప్పిస్తుంది.

వేడి చేసేవి, చలవ చేసేవి అన్న ఆలోచన మనకు కొత్త కాదు కాబట్టి వాళ్ళ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. పదార్థానికి వేడి, వెచ్చన, చల్లన, చలి అని నాలుగు స్వభావాలు, ఏ వైపూ మొగ్గనిది సమం. దానికి తోడు మనిషి తత్వం చూస్తారు. చైనాలో 65 దాటినవాళ్ళకు ఏడాదికోసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 33 ప్రశ్నలు అడిగి తొమ్మిది తత్వాల్లో ఏదో తేల్చి, దాన్నిబట్టి ఆహార సలహా ఇచ్చే కార్యక్రమం 2013 నుంచి ఉంది. తొందరగా అలసిపోతారా, చేతులు కాళ్ళు చల్లబడతాయా, నోరు ఎండుతుందా, మలం గట్టిగా వస్తుందా, ఇలాంటి ప్రశ్నలు. తత్వాల సిద్ధాంతాన్ని నమ్మినా నమ్మకపోయినా, పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఈ ప్రశ్నలన్నీ ఓపికగా అడగడం మంచి పద్ధతి. మా దగ్గర నీరసమని వచ్చిన చాలామందిలో అసలు సమస్య మలబద్ధకమో, రాత్రి నిద్ర లేకపోవడమో అని తేలేది ఇలాంటి సంభాషణలోనే.

ఇక ఇంట్లో ఏం చేసుకోవచ్చో చెబుతాను.

మొదటిది కొర్రల జావ. ఉత్తర చైనాలో జబ్బుపడి లేచినవాళ్ళకు, బాలింతలకు, ముసలివాళ్ళకు పెట్టే షావ్ మీ గంజి మన కొర్రలతో చేసేదే. ఆ ధాన్యాన్ని మొదట సాగు చేసింది కూడా ఉత్తర చైనాలోనే. 50 గ్రాముల కొర్రలు కడిగి అరగంట నానబెట్టండి. 100 గ్రాముల తాజా షాన్ యావ్ చెక్కు తీసి చిన్న ముక్కలు చేయండి. సింగపూర్ మార్కెట్లలో దాన్ని హువై షాన్ అని అమ్ముతారు. మన పెండలానికి దగ్గరి చుట్టం, కోసేటప్పుడు కందలాగే చేతులు దురద పెడతాయి, గ్లవ్స్ వేసుకోండి. అర లీటరుకు కొంచెం ఎక్కువ నీళ్ళలో రెండూ కలిపి సన్నటి సెగ మీద 40 నిమిషాలు ఉడికిస్తే దుంప గరిటెతో నొక్కగానే చిదిగిపోతుంది. అడుగంటకుండా మధ్యలో కలుపుతూ ఉండండి. ఎండు బిళ్ళలు కొంటే మరీ తళతళలాడే తెల్లవి, పుల్లటి వాసన వచ్చేవి వద్దు, అవి గంధకం పొగ పట్టించినవి అయ్యుండవచ్చు. మామూలుగా దీనిమీద గోజీ చల్లుతారు. నాన్నగారి గిన్నెలో వేయకండి.

ఈ గంజిలో ఒక లోపముంది. గింజ ఎంత మెత్తగా ఉడికితే షుగర్ అంత తొందరగా పెరుగుతుంది. తెల్లబియ్యం గంజి అయితే మరీను. అమ్మగారికి గిన్నె చిన్నది పెట్టి, అందులోనే మెత్తటి టోఫు చిదిపి వేయండి, గుడ్డు తింటారంటే చివర్లో గిలకొట్టి కలపండి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో ఒకటి రెండుసార్లు చూస్తే ఎంత పెట్టవచ్చో ఆవిడ ఒంటికి తగిన లెక్క మీకే తెలుస్తుంది. 18వ శతాబ్దంలో త్సావ్ తింగ్‌డోంగ్ అనే పండితుడు తన ముసలితనంలో వృద్ధుల దినచర్య మీద పుస్తకం రాసి, అందులో 100 రకాల గంజిలు ఇచ్చాడు. గంజి మీద ఆయనకున్న గౌరవం నాకూ ఉంది, కానీ షుగర్ ఉన్నవాళ్ళకు మూడు పూటలా గంజి మంచిది కాదు.

రెండోది తామర గింజలు, తెల్ల పుట్టగొడుగు పాయసం లాంటి సూపు. యిన్ అర్ అనే ఈ పుట్టగొడుగు ఎండిన పువ్వులా ఉంటుంది. నానాక అడుగున పసుపుపచ్చగా గట్టిగా ఉండే తొడిమ కోసి పారేయాలి. తామర గింజల మధ్యలో ఆకుపచ్చ మొలక చేదు, తీసేయండి. కొంచెం లిల్లీ దుంప రేకులు కూడా వేసి గంటన్నర నుంచి రెండు గంటలు కాస్తే గోరువెచ్చటి జెల్లీలా చిక్కబడుతుంది. శరదృతువులో పొడిదగ్గు, నోరు ఎండడం ఉన్న పెద్దలకు ఇది ఇస్తారు. చిక్కగా ఉండడం వల్ల పలచటి నీళ్ళకు పొలమారేవాళ్ళు కూడా దీన్ని తేలిగ్గా మింగడం నేను చూశాను. అయితే తరచూ పొలమారుతుంటే ముందు స్పీచ్ థెరపిస్ట్‌తో మింగడం పరీక్ష చేయించాలి, సూపుతో సర్దుకోకూడదు. పలచటి రసంలో ముక్కలు తేలే సూపులు అలాంటివాళ్ళకు అసలు మంచివి కావు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారుతాయి. కలకండ చివర్లో వేసేది కాబట్టి అమ్మగారి వాటా ముందే తీసి పెట్టేయవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఎండు పుట్టగొడుగును రాత్రంతా గది వేడిలో నానబెట్టకూడదు. సింగపూర్ ఉక్కలో అసలే వద్దు. అందులో పెరిగే ఒక బ్యాక్టీరియా బాంగ్‌క్రెకిక్ యాసిడ్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది ఎంత ఉడికించినా పోదు, విరుగుడు మందూ లేదు. చైనాలో ఈ విషంతో ప్రాణాలు పోయాయి. గంట, రెండు గంటలు నానితే చాలు. ఇంకా ఆలస్యమవుతుందంటే ఫ్రిజ్‌లో పెట్టండి. నీళ్ళు జిగటగా మారినా, వాసన తేడాగా ఉన్నా పారేయండి.

మలబద్ధకం ఉంటే నల్ల నువ్వులు, అక్రోట్ వేయించి పొడి చేసి, రెండు చెంచాలు వేడి పాలలోనో సోయా పాలలోనో కలిపి ఇవ్వండి. చైనీస్ ఇళ్ళలో బియ్యప్పిండి, పంచదార కలిపి చిక్కటి పేస్టులా కాస్తారు, మీకు అవి రెండూ అక్కర్లేదు. మఖానా వాళ్ళ జాబితాలోనూ ఉంది, ఛియెన్ షీ అంటారు. తామర గింజలు, షాన్ యావ్, ఫూ లింగ్‌తో కలిపి విరేచనాలు పలచగా అయ్యే పెద్దలకు ఇస్తారు. తైవాన్‌లో ఈ నాలుగూ కలిసిన సూపు చాలా మామూలు. అక్కడ దాన్ని పంది పేగులతో వండుతారు కాబట్టి, అమ్మగారికి ఇచ్చేముందు మాంసం వేశారేమో తప్పకుండా అడగండి.

శాకాహారం గురించి ఇంకో మాట. చైనీస్ బౌద్ధుల్లో మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా తినని ఇళ్ళున్నాయి. అందువల్ల శాకాహార సూపులు వాళ్ళకూ బాగా తెలుసు. షిటాకే పుట్టగొడుగులు, తామర దుంప, వేరుశెనగ వేసి గంటన్నర కాచిన సూపుకి ఎముకల సూపులాంటి రుచి వస్తుంది. అమ్మ మాంసం తినదు అని ఆంటీకి చెబితే సంతోషంగా ఇదే చేసి పంపుతారు, మొహమాటపడకండి. అక్రోట్, నువ్వులు, రెడ్ డేట్స్ వేసి చేసిన నల్లటి మిఠాయి బిళ్ళలు బహుమతిగా వస్తే మాత్రం డబ్బా మీద చూడండి. వాటిని గట్టిపరిచేది అ జావ్, అది గాడిద తోలు నుంచి తీసిన జెలటిన్.

మాంసం సూపు నాన్నగారికి ఇస్తున్నప్పుడు ఒకటి గమనించండి. గ్వాంగ్‌డోంగ్ వైపువాళ్ళు రెండు మూడు గంటలు కాచే సూపులో సారమంతా నీళ్ళలోకి దిగిపోయిందని ముక్కలు పక్కన పెట్టేస్తారు. ఆశ్రమంలో నేను రోజూ పోట్లాడేది దీని గురించే. ప్రొటీన్‌లో ఎక్కువ భాగం ఆ ముక్కలోనే ఉండిపోతుంది, నీళ్ళలోకి వచ్చేది ఉప్పు, రుచి, కొవ్వు, ప్యూరిన్లు. ప్యూరిన్లు ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి, గౌట్ అనే కీళ్ళవాపు ఉన్నవాళ్ళకు అవే నొప్పి తెస్తాయి. వయసు పెరిగేకొద్దీ కండ కరిగిపోకుండా ఉండాలంటే రోజుకు శరీర బరువులో కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క మారుతుంది. సూపు తాగి కడుపు నిండిపోయి, అన్నం, ముక్క వదిలేసి, నెలనెలా బరువు తగ్గిపోయే పెద్దలను చాలామందిని చూశాను. చుట్టూ అందరూ మంచి బలమైన తిండే పెడుతున్నామని అనుకుంటారు, అదే బాధ. కోడి ముక్కను చిదిపి మెత్తగా చేసి ఆ సూపులోనే కలిపి పెట్టండి. అల్లం, చేప వేసి ఆవిరి మీద ఉడికించినది ఇంకా మంచిది, పళ్ళ సెట్టు ఉన్నవాళ్ళు కూడా నమలగలరు. గుడ్డుకు రెట్టింపు గోరువెచ్చటి నీళ్ళు కలిపి ఆవిరి మీద పది నిమిషాలు ఉడికిస్తే పెరుగులా గడ్డకడుతుంది, అది అక్కడి ప్రతి ముసలమ్మకూ ఇష్టం.

అమ్మగారి బీపీ విషయంలో చూసుకోవాల్సింది అతిమధురం. చైనీస్ పొట్లాల్లో గాన్ త్సావ్ పేరుతో చాలా మిశ్రమాల్లో కొంచెం వేస్తారు. రోజూ తీసుకుంటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రలు వాడుతుంటే ఇది ఇంకా ప్రమాదం. రెడ్ డేట్స్, ఎండు లాంగన్‌లో చక్కెర ఎక్కువ. ఒక పెద్ద గిన్నెలో మూడు నాలుగు పళ్ళు వేస్తే ఫర్వాలేదు, గుప్పెడు వద్దు. కిడ్నీ పరీక్షలు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. క్రియాటినిన్ పెరిగి ఉంటే ఎండు పళ్ళు, గంటల తరబడి కాచిన సూపులు పొటాషియం వల్ల ఇద్దరికీ మంచివి కావు, ముందు రిపోర్టు చూసుకోండి.

కొన్ని పేర్లు మాత్రం ఇంటి గడప దాటి లోపలికి రానివ్వకండి. ఫూ జీ అంటే ఒక రకం వత్సనాభి. సరిగా శుద్ధి చేసి, గంటల తరబడి ఉడికించకపోతే గుండె లయను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. జుట్టు నల్లబడుతుందని అమ్మే హో షౌ వు అనే వేరు వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు చాలా ఉన్నాయి. డాన్ షెన్ అనే వేరు కూడా డాంగ్ గ్వై లాగే వార్ఫరిన్‌తో పడదు. కొలెస్ట్రాల్‌కి మంచిదని చెప్పే ఎర్ర ఈస్టు బియ్యంలో ఉండే మోనాకోలిన్ కె, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల్లో ఒకటైన లోవాస్టాటిన్‌లోని మందు ఒకటే. ఇప్పటికే స్టాటిన్ వాడుతున్న పెద్దలకు అది రెండో డోసు వేసినట్టే, కండరాల నొప్పులు వస్తాయి. గింకో గింజలు పచ్చివి అసలు తినకూడదు, ఉడికించినవీ ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు.

జలుబు, జ్వరం ఉన్నప్పుడు బలం సూపులు ఆపేయమని చైనీస్ వైద్యులే చెబుతారు. దొంగ లోపల ఉండగా తలుపు గడియ పెట్టినట్టు అంటారు వాళ్ళు. ఆ నాలుగు రోజులూ పలచటి గంజి, అల్లం చారు చాలు. ఏదైనా ఆపరేషన్ తేదీ ఖాయమైతే మూలికల సంగతి ఆ రోజే సర్జన్‌కి చెప్పండి.

మూలికలు కావాలనే నాన్నగారు పట్టుబడితే, సింగపూర్‌లో టీసీఎం (సంప్రదాయ చైనీస్ వైద్యం) వైద్యులు 2000 నాటి చట్టం కింద ప్రభుత్వ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి. అలా రిజిస్టరైన వైద్యుడి దగ్గరికే తీసుకెళ్ళండి. మందుల షాపులో కౌంటర్ దగ్గర అమ్మే మనిషి సలహా సరిపోదు. వెళ్ళేటప్పుడు నాన్నగారి మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్ళండి. అక్కడ ఇచ్చిన పొట్లం మీద చైనీస్ అక్షరాలు కనిపించేలా ఫోటో తీసి, వార్ఫరిన్ క్లినిక్‌లో ఫార్మసిస్ట్‌కి చూపించండి. ఒకే మూలికకు మాండరిన్‌లో ఒక పేరు, కాంటనీస్‌లో ఇంకో పేరు ఉంటుంది, నోటితో చెబితే పొరపాటు జరుగుతుంది. ఫార్మసిస్ట్ సరే అన్నాక కూడా ఒకసారికి ఒక్క మూలికే మొదలుపెట్టి, వారంలోపు ఐఎన్‌ఆర్ మళ్ళీ చూపించండి. ఈలోగా ఆంటీని కొర్రల జావ, తామర దుంప సూపు, గుడ్డు ఆవిరి కూర పంపమనండి. అవి ముగ్గురూ కలిసి తినవచ్చు, గుడ్డు మాత్రం అమ్మగారు తింటేనే.